మనిషివైతే ఐదు నొక్కు

"తీసుకుపో," అంది అత్తగారు, కంచం వంక చూడకుండానే.

"నిన్న కూడా తినలేదు అత్తయ్యా."

"ఆకలి లేదన్నాను. లేదన్నవాళ్ళ నోట్లో కుక్కుతారా ఏంటి?"

కోడలు కంచం తీసుకుపోలేదు. కుట్టుమిషను బల్ల మీద, చేతులు కుట్టాల్సిన స్కూలు యూనిఫారాల గుట్ట పక్కన పెట్టింది. ఆకలి లేదని అరిచే ఓపిక ఉన్న మనిషికి ఆకలి ఉండే ఉంటుందని ఆమె లెక్క.

గురువారం నుంచీ ఇంట్లో ఇదే వరస. గురువారం సాయంత్రం ఫోన్ చేస్తానన్న కూతురు, ఇంట్లో పిచ్చుక అని పిలుచుకునే పిల్ల, చెయ్యలేదు. శుక్రవారమూ చెయ్యలేదు. ఇవాళ శనివారం. ముసలావిడ ఫోను బల్ల పక్కన కుర్చీ వేసుకుని, అక్కడే కూర్చుని, అక్కడే కునికి, లేచి మళ్ళీ అక్కడే కూర్చుంటోంది.

"చేస్తుందన్నావు," అంది అత్తగారు. "నువ్వే వెళ్ళి దాన్ని బతిమాలానన్నావు. మూడేళ్ళ తర్వాత పిచ్చుక మెత్తబడింది అత్తయ్యా, మీ గొంతు వినాలనుందట అన్నావు. ఏదీ?"

"నాతో అయితే అలాగే అంది."

"అంటే అబద్ధం నీదా, దానిదా?"

కోడలికి ఒళ్ళు మండింది. తను మొగుడికి తెలియకుండా ఊరికి ఆ చివర కళ్ళద్దాల షాపుకి వెళ్ళి, ఆడపడుచు దగ్గర నానా మాటలూ పడి, చివరికి సరే అనిపించుకుని వచ్చింది. 'నీ సెల్లుకి చేసి చాటుగా మాట్లాడే ఖర్మ నాకు పట్టలేదు వదినా, మా నాన్న పెట్టించిన ఫోనుకే చేస్తా,' అంది ఆ పిల్ల. అంత పౌరుషంగా అన్న మనిషి తీరా సమయానికి ముఖం చాటేస్తుందా?

అంతలో ఫోను పక్కనున్న నల్ల డబ్బా మీద ఎర్రలైటు ఒక్కసారి వెలిగి ఆరిపోయింది.

"పోయింది ఇంకో పీడ," అంది అత్తగారు. మామూలుగా అయితే ఆ మాట నవ్వుతూ అనేది. ఇవాళ నవ్వలేదు.

ఆ డబ్బా కొత్తగా వచ్చింది. అది రాకముందు ఈ ఫోను పగలల్లా మోగేది. ఎత్తితే ఎప్పుడూ ఒకే ఆడగొంతు. 'అభినందనలు, మీ ఇంటిని మా సంస్థ ఎంపిక చేసింది. వివరాలకు ఒకటి నొక్కండి. ఇలాంటి కాల్స్ వద్దనుకుంటే తొమ్మిది నొక్కండి.' అత్తగారు చెప్పిన మాట వినే మనిషి కాబట్టి ప్రతిసారీ తొమ్మిది నొక్కింది. 'వద్దు తల్లీ, ఏమనుకోకు,' అని చెప్పి మరీ నొక్కింది. నొక్కినకొద్దీ ఫోన్లు పెరిగాయి. ఎలక్ట్రిక్ షాపతను ఆ సంగతి విని నెత్తి కొట్టుకున్నాడు. తొమ్మిది నొక్కడమంటే ఈ ఇంట్లో ఫోను ఎత్తే మనిషి ఉందని వాళ్ళకి మనమే చెప్పడమట. ఆ గొంతుకి ఇంట్లో తొమ్మిదమ్మ అని పేరు పడింది.

తొమ్మిదమ్మ దెబ్బకి బలైపోయింది కోడలి మొగుడు, బస్సు డ్రైవరు. రాత్రంతా బస్సు నడిపి, తెల్లారి వచ్చి పడుకునే మనిషి. నెత్తిన కుట్టుమిషను ఆడుతున్నా లేవడు కానీ, ఫోను ఒక్కసారి మోగితే దిగ్గున లేచి కూర్చుంటాడు. పోయిన నెలలో వంతెన మలుపు దగ్గర కునుకు పట్టి, బస్సు అద్దం స్తంభానికి రాసుకుంది. ఇంకొక్కసారి అలా అయితే తాళాలు బల్ల మీద పెట్టి వెళ్ళిపొమ్మన్నాడు డిపో మేనేజరు.

'పడుకునేటప్పుడు రిసీవరు తీసి పక్కన పెట్టుకోండి,' అని కోడలు ఒకసారి అంది. మంచి మాటే. దానికతను అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. 'ఆ పని ఈ ఇంట్లో ఎవరూ చెయ్యడానికి వీల్లేదు,' అని కేకలేసి, తిన్న కంచం విసిరికొట్టినంత పని చేశాడు. ఎందుకంత కోపమో ఆమెకి అర్థం కాలేదు.

ఆ మర్నాడే షాపు నుంచి ఈ డబ్బా తెచ్చాడు. ఎవరు ఫోన్ చేసినా ముందు డబ్బాయే ఎత్తుతుంది. ఇంటివాళ్ళు రికార్డు చేసిన నాలుగు మాటలు వినిపించి, ఐదు నొక్కమంటుంది. నొక్కితేనే ఇంట్లో ఫోను మోగుతుంది. అవతల ఉన్నది మిషనైతే నొక్కలేదు కాబట్టి ఎర్రలైటు వెలిగి, లైను తెగిపోతుంది. అప్పట్నుంచి డ్రైవరు నిద్రపోతున్నాడు. బస్సు తిన్నగా వెళుతోంది.

"అది నన్ను క్షమించదు," అంది అత్తగారు హఠాత్తుగా. "నేనెందుకు దాన్ని క్షమించాలి? ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట నాతో చెప్పకుండా ఆపరేషనుకి సంతకం పెట్టేసింది. మీ మామయ్యని బల్ల మీద నుంచి ప్రాణాలతో దింపలేదు. నేనా రోజంతా ఇంట్లోనే ఉన్నాను. ఈ ఫోను మోగలేదు."

"ఇప్పుడవన్నీ ఎందుకత్తయ్యా."

"మోగలేదు. నేను వంటింట్లో చెవులు రిక్కించుకుని ఉన్నాను. అదేమో ఫోన్ చేశాను, ఎంగేజొచ్చిందంది. ఎవరు మాట్లాడుతున్నారు ఎంగేజు రావడానికి? నేనా? గోడలా?"

లోపలి గది తలుపు తెరుచుకుంది. డ్రైవరు గుమ్మంలో నిలబడ్డాడు, చొక్కా గుండీలు ఊడదీసుకుని, కళ్ళు చింతనిప్పుల్లా.

"నిద్రపోనిస్తారా, డిపోకి వెళ్ళి పడుకోమంటారా?"

"పిచ్చుక ఫోన్ చెయ్యలేదురా," అంది తల్లి.

"చెయ్యదు. దానికి పొగరు. మూడేళ్ళు చెయ్యనిది ఇప్పుడు చేస్తుందా? అసలు చేస్తుందని నీకెవరు చెప్పారు?"

అత్తగారు కోడలి వైపు చూడలేదు. అంతవరకు నయం. కానీ చూడకూడదన్న తాపత్రయంలో చెయ్యి విసిరింది. ముక్కు మీది కళ్ళజోడు ఎగిరి, కుట్టుమిషను ఇనప కాలికి కొట్టుకుని, ఒక కాడ విరిగిపోయింది.

"నేను బాగుచేయించుకొస్తా," అంది కోడలు. కత్తెర పక్కన పెట్టి, విరిగిన కాడ, కళ్ళజోడు చేతి రుమాల్లో చుట్టుకుంది. దగ్గర్లో కళ్ళద్దాల షాపులు రెండున్నాయి. ఆమె ఆ రెంటినీ దాటి బస్సెక్కింది.

*

షాపులో జనం లేరు. గోడ నిండా ఖాళీ ఫ్రేములు, వాటి కింద అద్దాల బీరువా. వెనకవైపు చిన్న మోటారు మీద తిరుగుతున్న రాయికి లెన్సు ఆనించి అంచు అరగదీస్తోంది ఆడపడుచు. నీళ్ళు సన్నగా చిందుతున్నాయి. వదినని చూసి మోటారు ఆపింది. పలకరించలేదు.

"మీ అమ్మ కళ్ళజోడు," అని రుమాలు విప్పింది కోడలు.

"దగ్గర్లో షాపులు లేవా?"

"ఉన్నాయి. నిన్ను అడిగే మాట వాళ్ళని అడగలేను కదా. గురువారం ఎందుకు చెయ్యలేదు?"

ఆడపడుచు లెన్సుని గుడ్డతో తుడిచింది. తుడిచిందే తుడిచింది.

"నిన్నే అడుగుతున్నా. ఆవిడ అన్నం మానేసి ఫోను పక్కన కూర్చుంది. నీకు చెయ్యడం ఇష్టం లేకపోతే ఆ రోజే చెప్పొచ్చుగా? నేనేం నీ కాళ్ళకి తాడు కట్టానా? ఆవిడకి ఆశ పెట్టి, నన్ను అబద్ధాలకోరుని చేసి, ఇక్కడ హాయిగా అద్దాలు అరగదీసుకుంటున్నావా?"

"అయిందా?" అంది ఆడపడుచు. గొంతు పెద్దది చెయ్యలేదు. అదే భయంగా ఉంది. "ఇప్పుడు నేనడుగుతా. నన్ను పిలిపించి మరీ అన్నయ్య చేత తిట్టించాలని ఎవరికి పుట్టింది బుద్ధి? నీకా, అమ్మకా?"

"ఎవరు తిట్టారు?"

"నటించకు వదినా."

"నా ముఖం చూసి చెప్పు. నటిస్తున్నానా?"

ఆడపడుచు చూసింది. వృత్తి రీత్యా రోజూ జనం కళ్ళల్లోకి చూసే మనిషి. కాస్త తగ్గింది కానీ, కోపం దిగలేదు.

"గురువారం చేశాను. చెప్పిన టైముకే. అన్నయ్య గొంతు. మొదటిసారి నోట మాట రాక పెట్టేశాను. విన్నది సరిగ్గానే విన్నానా అని మళ్ళీ చేశాను. మళ్ళీ అవే మాటలు, పొల్లు పోకుండా. అప్పుడర్థమైంది, రికార్డు చేసి పెట్టాడని. నేను చేస్తానని తెలిసి, నాకోసం కూర్చుని రికార్డు చేశాడు."

"ఏం మాటలు?"

"నీకు తెలియదా?"

కోడలికి నిజంగానే తెలియదు. డ్రైవరు ఆ డబ్బా బిగించిన రోజు ఆమె స్కూల్లో పిల్లల కొలతలు తీస్తోంది. అత్తగారు స్నానానికి వెళ్ళింది. ఆ మాటలు బయటివాళ్ళకి వినపడేవే కానీ ఇంట్లోవాళ్ళకి కాదు. పోయిన వారం ఇంటికి ఫోన్ చేసిన స్కూలు ఆయమ్మ 'మీ ఆయనకి కోపం ఎక్కువేమోనమ్మా,' అంటే, బస్సులో టికెట్ దగ్గరేమైనా గొడవ పడ్డారేమోలే అనుకుని నవ్వేసింది. ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడామెకి తన మీదే అసహ్యం వేసింది.

సెల్లు తీసి ఇంటి నంబరు నొక్కింది. చెవి దగ్గర పెట్టుకుంది.

'ఎన్నిసార్లు చెప్పాలి నీకు? ఈ ఇంటికి ఫోన్ చెయ్యకు. నీతో మాకేం పని లేదు. ఈ ఇంట్లో నీకెవరూ లేరు. మళ్ళీ చేశావంటే మర్యాద దక్కదు. మనిషివైతే ఐదు నొక్కు.'

తర్వాత కాసేపు నిశ్శబ్దం. లైను తెగింది.

కోడలు సెల్లు దింపింది. ఇవి తనకి తెలిసిన మాటలే. మూడేళ్ళ కిందట, మామగారు పోయిన మూడో రోజున, చెల్లెలు సంచీ పట్టుకుని గుమ్మంలోకి వస్తే డ్రైవరు అన్న మాటలు. నీతో మాకేం పని లేదు. ఈ ఇంట్లో నీకెవరూ లేరు. అప్పుడు ఆమె అతని వెనకే నిలబడి ఉంది. నోరు మెదపలేదు.

"విన్నావుగా," అంది ఆడపడుచు. "నేను మనిషినో కాదో నొక్కి చూపించాలట. నొక్కలేదు."

"అది నీకోసం కాదమ్మాయ్. ఒట్టు. రోజూ మిషన్లు ఫోన్ చేస్తుంటే, వాటిని ఆపే డబ్బా ఒకటి పెట్టాం. ఆ మాటలు మిషన్లకి." చెప్తుంటే ఆమెకే ఎబ్బెట్టుగా ఉంది. "ఐదు నొక్కితే ఫోను మోగేది. మీ అమ్మ ఎత్తేది. అక్కడే కూర్చుంది."

"మిషన్లకా?"

"మిషన్లకే."

"మిషను మీద కోపమొస్తే ఆ మాటలెందుకొచ్చాయి వదినా? ఇంకో తిట్టు దొరకలేదా ఆయనకి?"

ఆడపడుచు విరిగిన కాడకి బదులు కొత్తది తీసుకుని, దీపం కిందికి వంగి, వెంట్రుకంత మరమేకుని పట్టకారుతో పట్టుకుని బిగించసాగింది. తల్లి కళ్ళజోడుని ఆ వేళ్ళు చాలా జాగ్రత్తగా పట్టుకున్నాయి.

"ఆస్పత్రి నుంచి కూడా ఇలాగే చేశాను," అంది తల ఎత్తకుండా. "అన్నయ్య సెల్లు స్విచాఫ్. నువ్వు ఇంట్లో లేవు, నీకప్పటికి సెల్లు లేదు. ఇంటికి చేస్తే ఎంగేజ్. డాక్టరు నా నెత్తి మీద నిలబడి, సంతకం పెడతావా పెట్టవా, ఆలస్యమైతే నా బాధ్యత కాదంటున్నాడు. చేస్తూనే ఉన్నాను. ఎంగేజ్. చివరికి పెట్టాను. ఎంగేజొచ్చిందని మీ ముగ్గురికీ చెప్పాను. ముగ్గురూ నన్ను దొంగని చూసినట్టు చూశారు."

"అత్తయ్య ఇంట్లోనే ఉన్నారు. ఫోను మోగలేదంటారు."

"అవును. నేను అబద్ధాలకోరుని. ఇదిగో, ఇది తీసుకెళ్ళు."

కళ్ళజోడు రుమాల్లో చుట్టి బీరువా మీద పెట్టింది. కోడలు తీసుకోలేదు.

"ఇంకొక్కసారి చెయ్యి. ఇవాళే. ఆ మాటలు నేను తీయించేస్తాను. నా మీద నమ్మకం లేకపోతే మీ అమ్మ ముఖం చూసి చెయ్యి."

బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ కాక తంటాలు పడుతున్నారు.

"షాపు కట్టేముందు చేస్తాను," అంది ఆడపడుచు చివరికి. "ఒక్కసారే. అన్నయ్య గొంతుతో ఆ మాటలు వినపడినా, మళ్ళీ ఎంగేజొచ్చినా, ఇక ఈ జన్మలో ఆ నంబరు నొక్కను. అమ్మకి కూడా చెప్పు."

*

ఆ ఇంట్లో డ్రైవరు నిద్ర చెడగొట్టడం కంటే పెద్ద నేరం లేదు. ఆ నిద్ర కోసం కోడలు గిన్నెల కింద గుడ్డ పరిచేది, పిల్లులని తోలేది, తుమ్మొస్తే పెరట్లోకి వెళ్ళి తుమ్మేది. ఇవాళ ఆమె తిన్నగా లోపలికి వెళ్ళి, కిటికీ తలుపులు ధడాలున తెరిచింది.

"లేవండి."

అతను మోచేతితో కళ్ళు కప్పుకున్నాడు. "ఏమైంది? ఎవరికైనా ఏమైనా అయిందా?"

"అయింది. ముందు గదిలోకి రండి."

అత్తగారు కుర్చీలోంచి లేవబోయింది. కోడలు ఆవిడ ముక్కు మీద కళ్ళజోడు పెట్టి, "కూర్చోండత్తయ్యా. ఆ డబ్బా వంక చూడండి," అంది. తర్వాత తన సెల్లులో ఇంటి నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, దాన్ని బల్ల మీద ఉంచింది.

బల్ల మీది ఫోను మోగలేదు. బల్ల మీది సెల్లులోంచి మాత్రం డ్రైవరు గొంతు గది నిండా వినపడింది. ఎన్నిసార్లు చెప్పాలి నీకు. ఈ ఇంట్లో నీకెవరూ లేరు. మనిషివైతే ఐదు నొక్కు. అయిపోయాక డబ్బా మీద ఎర్రలైటు వెలిగి ఆరిపోయింది.

"గురువారం పిచ్చుక రెండుసార్లు చేసింది," అంది కోడలు. "రెండుసార్లూ ఇదే విని పెట్టేసింది."

అత్తగారు లైటు ఆరిపోయిన చోటే చూస్తోంది. గురువారం సాయంత్రం అది వరసగా రెండుసార్లు వెలిగింది. అప్పుడావిడ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, 'తొమ్మిదమ్మకి ఇవాళ జంట దెబ్బలు,' అని నవ్వింది. కోడలికది గుర్తుంది. ఆవిడకీ గుర్తొచ్చిందని ముఖం చెప్పింది.

"నేను నవ్వాను," అంది అత్తగారు.

"నాకేం తెలుసు?" అన్నాడు డ్రైవరు. "మిషన్ల కోసం పెట్టాను. అది ఫోన్ చేస్తుందని నాకెవరు చెప్పారు? ఇంట్లో ఆడవాళ్ళిద్దరూ గూడుపుఠాణీ చేసి, నా వెనక మంతనాలాడి, ఇప్పుడు నన్ను నిద్రలేపి నిలదీస్తారా?"

"చెప్పి ఉంటే ఒప్పుకునేవారా?"

"ఒప్పుకునేవాణ్ణి కాదు."

"అందుకే చెప్పలేదు. అది వదిలెయ్యండి. నేనడిగేది ఒక్కటే. మిషన్లని తిట్టడానికి ఆ మాటలే ఎందుకు దొరికాయి మీకు?"

"నోటికొచ్చింది అన్నాను."

"మీ నోటికి అవెందుకు అంత దగ్గరగా ఉన్నాయి? మూడేళ్ళ నుంచీ నమిలి మింగుతూనే ఉన్నారా?"

"నోరు అదుపులో పెట్టుకో."

"ఇన్నాళ్ళూ పెట్టుకున్నాను. ఆ రోజు గుమ్మంలో మీ వెనక నిలబడి అదుపులోనే పెట్టుకున్నాను. ఇంక చాలు."

అలాంటి మాట ఆమె నోట అతను ఎన్నడూ వినలేదు. తల్లి అడ్డం వస్తుందేమోనని చూశాడు. తల్లి రాలేదు.

"షాపు కట్టేముందు ఇంకొక్కసారి చేస్తుందట," అంది కోడలు, అత్తగారితో. "ఆ మాటలు తీసేసి వేరేవి పెట్టాలి."

"నేను పెడతాను," అంది అత్తగారు. ఎవరూ కాదనకముందే డబ్బా ఒళ్ళోకి లాక్కుంది. కోడలు బటన్ చూపించింది. ముసలావిడ దాన్ని బొటనవేలితో అదిమి, నోటి దగ్గర పెట్టుకుని, చెవిటివాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది.

"ఎవరైనా సరే, ఐదు నొక్కండి. పిచ్చుకా, నువ్వైతే ఏమీ నొక్కక్కర్లేదమ్మా. నేనిక్కడే ఉన్నాను. ఊరికే ఉండు, నేను ఎత్తుతాను."

"నొక్కకపోతే మోగదమ్మా," అన్నాడు డ్రైవరు. "నీకెలా తెలుస్తుంది ఎత్తడానికి?"

"నా కూతురు నా ఇంటికి ఫోన్ చెయ్యడానికి పరీక్ష రాయాలా?"

"అందరికీ ఒకటే. డబ్బాకి కూతురనీ కొడుకనీ ఏం తెలుసు?"

"అయితే అలాంటి డబ్బా నాకొద్దు," అని ఆవిడ వైరు పట్టుకుని లాగింది. గోడలోంచి వైరు ఊడి వచ్చింది. కోడలు వంగి, ఫోను వైరుని మునుపటిలా తిన్నగా గోడలోకి గుచ్చింది.

"నేను రాత్రికి డ్యూటీకెళ్ళాలి," అన్నాడతను. ఈసారి గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. "బస్సు నిండా జనం ఉంటారు. నా కళ్ళు మూతపడితే వాళ్ళ గతేంటి? మీకు ఆ ఒక్క ఫోనే కావాలి."

"ఇవాళ్టికి," అంది కోడలు. "రేపు మళ్ళీ మీరే బిగించుకోండి."

అతను లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

డబ్బా తీసేసిన సంగతి తొమ్మిదమ్మకి ఎవరు చేరవేశారో కానీ, కోడలు మిషను ముందు కూర్చుని రెండు కుట్లు వేసిందో లేదో ఫోను మోగింది. అత్తగారు ఆత్రంగా ఎత్తింది. ముఖం వాడిపోయింది. 'అభినందనలు,' అన్న మాట కోడలికి కూడా వినపడింది.

"తొమ్మిది నొక్కకండి. పెట్టెయ్యండి."

పెట్టేసింది. కాసేపటికి మళ్ళీ మోగింది. మళ్ళీ అభినందనలు. శనివారాలు ఊళ్ళో షాపులు పొద్దుండగానే కట్టేస్తారు. గోడ గడియారంలో ఆ వేళ దగ్గరపడింది. కోడలి సూది కదలడం లేదు. మిషను తొక్కడం మానేసి, వీధిలోని ఎండ గోడ మీద జారడం చూస్తూ కూర్చుంది. మూడోసారి మోగినప్పుడు అత్తగారు రిసీవరు ఎత్తి, విని, పళ్ళు పటపట కొరికి దించింది.

"మంచినీళ్ళు తాగండి," అని కోడలు లేచింది. ఆమె గ్లాసు తెచ్చేలోపు లోపలి తలుపు తెరుచుకుంది.

డ్రైవరు సగం నిద్రలో ఉన్నాడు. కళ్ళు తెరిచి ఉన్నాయి కానీ ఎవరినీ చూడటం లేదు. తిన్నగా ఫోను దగ్గరికి వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి, నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పరిచాడు. రిసీవరు ఎత్తి, మాట్లాడే వైపు కిందికి వచ్చేలా తువ్వాలు మీద పడుకోబెట్టి, మిగిలిన కొసని దాని మీద కప్పాడు. రిసీవరు తీసి పెడితే వచ్చే కూతకి బయటికి రావడానికి సందు లేదు. అంతా ఒక్క క్షణంలో అయిపోయింది. చెయ్యి ఎక్కడా తడబడలేదు.

వెనక్కి తిరిగి రెండడుగులు వేశాడు. అప్పుడు మెలకువ వచ్చింది. ఆగిపోయాడు.

కోడలు గ్లాసు మిషను బల్ల మీద పెట్టింది. పడుకునేటప్పుడు రిసీవరు తీసి పక్కన పెట్టుకోమంటే ఇతనెందుకంత మండిపడ్డాడో ఆమెకి ఇప్పుడు అర్థమైంది. అర్థం కాకుండా ఉంటే బాగుండేది.

అత్తగారు తువ్వాలు వంక చూస్తోంది. కొత్తగా బాగైన కళ్ళజోడులోంచి చాలా శ్రద్ధగా చూస్తోంది.

"ఇంత బాగా ఎప్పుడు నేర్చుకున్నావురా?" అంది.

అతను చొక్కా గుండీలు పెట్టుకోసాగాడు.

"నిన్నే. ఇది ఒక రోజులో వచ్చే పనితనం కాదు. ఎప్పట్నుంచి?"

"అమ్మా, నిద్రమత్తులో ఏదో—"

"ఆ రోజు కూడా నువ్వు డ్యూటీ దిగి వచ్చి పడుకున్నావు," అంది అత్తగారు. ఆవిడ గొంతు ఏమాత్రం పెరగలేదు. ఆమాటకొస్తే ఇంతవరకు ఎన్నడూ లేనంత తగ్గింది. "నేను వంటింట్లో ఉన్నాను. ఈ గదిలోకి రాలేదు. మధ్యాహ్నం నువ్వు లేచి వచ్చాకే వచ్చాను. అప్పటికి ఇది దీని చోట్లోనే ఉంది."

"ఆపరేషను ఆ రోజే అని నాకు తెలియదమ్మా. సాయంత్రం చూద్దామన్నారు. తెలిస్తే తీస్తానా?"

"తెలియదు. సరే. తర్వాత తెలిసిందిగా? అది ఎంగేజొచ్చిందని ఏడుస్తుంటే, అబద్ధమని అరిచింది ఎవరు? నేనెవరి మాట నమ్మాను?"

అతను గోడకి ఆనుకున్నాడు. పెద్ద మనిషి, రాత్రిళ్ళు అంత బస్సుని ఒంటిచేత్తో తిప్పే మనిషి, కళ్ళు కిందికి దించి నేల వంక చూస్తున్నాడు. తనకి జాలి వేస్తుందేమోనని కోడలు భయపడింది. వెయ్యలేదు. మూడేళ్ళు తను కూడా ఆ పిల్లని దొంగని చూసినట్టు చూసింది. ఆ చూపు ఇతని కోసం చూసింది.

"అత్తయ్యా," అంది హఠాత్తుగా. "ఫోను."

రిసీవరు ఇంకా తువ్వాలు కిందే ఉంది. అవతల షాపు కట్టే వేళయింది. ఒక్కసారే చేస్తానంది. ఆ ఒక్కసారి ఇప్పటికే అయిపోయిందో, ఎంగేజు విని అక్కడ ఆ పిల్ల సెల్లు సంచీలో వేసేసుకుందో.

అత్తగారు తువ్వాలు ఒక్క లాగు లాగింది. రిసీవరు తీసి దాని చోట పెట్టింది. పెట్టాక చెయ్యి వెంటనే తియ్యలేదు.

వీధిలో ఎవరో షట్టరు దించిన చప్పుడైంది. దూరంగా ఇంకొకటి.

ఫోను మోగింది.

కోడలి చెయ్యి ముందుకు వెళ్ళింది. అత్తగారు ఆ చేతిని పట్టుకుని ఆపింది.

"నువ్వు కాదు. నేనూ కాదు." కొడుకు వైపు చూసింది. "నువ్వెత్తు."

"తొమ్మిదమ్మేమో," అన్నాడతను.

"అయితే పెట్టేద్దువు గాని. కాకపోతే, దానికి ఎంగేజెందుకొచ్చిందో నీ నోటితో చెప్పు."

ఫోను మోగుతూనే ఉంది. ఇంతకాలం ఏ మోతకి ఎగిరిపడి లేచేవాడో ఆ మోత అతనికి అడుగు దూరంలో ఉంది. అతను చెయ్యి చాచాడు. రిసీవరు మీద వేళ్ళు ఆనాయి. ఎత్తలేదు.

"ఎత్తరా," అంది తల్లి. "ఆగిపోతుంది."